ఒక్కరూ తిరిగి రాలేదు

2019 ఆగస్టు 6, మంగళవారం. ఇండోనేషియాలోని సెమరాంగ్ నగరంలో కొండవాలున ఉన్న పాఠశాల కార్యాలయంలో సమావేశానికి పిలుపు అందుకున్నవారు ఇద్దరు: పాఠశాల సంఘం అధ్యక్షుడు హాజీ మహ్‌ఫూద్, లాప్‌టాప్‌లు బాగుచేసే పరిజో. పిలిచినది ప్రధానోపాధ్యాయిని, అందరూ గౌరవంగా 'ఇబు', అంటే అమ్మగారు, అని పిలిచే వినార్సి.

పరిజోకి అది బతుకుతెరువు తేలిపోయే సమావేశం. విశ్వవిద్యాలయం వెనక సందులో అతని 'ఎర్రపుంజు' దుకాణం ఒకప్పుడు విద్యార్థులతో కిటకిటలాడేది. బ్యాటరీని లోపలే అతికించి మూసేసిన కొత్త యంత్రాలు వచ్చాక ఆ సందంతా ఈగలు తోలుకుంటోంది. పాఠశాల తన పిల్లలకు కొనబోయే లాప్‌టాప్‌లు బ్యాటరీ ఊడదీయగల పాతరకానివైతే వాటి బాగోగులు అతనివి, దుకాణం నిలుస్తుంది. కాకపోతే నెలాఖరుకి తాళమే. పైగా ఇబు వినార్సి తానే పేరు పెట్టి పిలిపించింది. అది చాలదూ, ఆశపడడానికి?

ఆమె ఇంకా రాలేదు. హాజీ ఇంటినుంచి తెచ్చిన, పులియబెట్టిన సోయాగింజల తెంపే వేపుడు పళ్ళెంలో చల్లారి గట్టిపడింది.

"వెచ్చబెట్టుకుందామంటే ఇక్కడ పొయ్యి లేదయ్యా," అన్నాడు హాజీ గొంతు తగ్గించి. "బదిలీ మీద వచ్చీ రాగానే తీయించేసింది. కాలేజీలో చదివే కొడుకు అద్దెగదిలో నిప్పంటుకుని పోయాడట. అప్పట్నుంచీ పొయ్యి చూస్తే హడలు. ఆ ఊసెత్తకు సుమా."

"నాకెందుకండీ! నా బ్యాటరీల గొడవ నాది."

ఇబు వినార్సి వచ్చి కూర్చుంది. గుడ్డసంచిలోంచి ఒక బిస్కట్ల డబ్బా తీసి బల్లమీద తనవైపు పెట్టుకుంది. మూత తీయలేదు, తినమనీ అనలేదు.

"చెప్పు పరిజో. అతికించినదాంట్లో తప్పేముంది?"

"తప్పా ఇబూ, అన్యాయం! బ్యాటరీ నాలుగు రోజులకి చస్తుంది. దాంతోపాటు నిక్షేపంలాంటి యంత్రాన్నీ పాతెయ్యాలి. అదే పాతరకమైతే," వెంట తెచ్చిన లాప్‌టాప్‌ను బోర్లించి గొళ్ళెం జరిపాడు. బ్యాటరీ టక్కున ఊడి చేతిలోకి వచ్చింది. "చూశారా? ఇది తీసి ఇంకోటి పెట్టుకోవడమే. మన పిల్లల నాన్నలు రెండోసారి యంత్రం కొనగలరా?"

"నిజమే ఇబూ," అన్నాడు హాజీ. "మా మనవడిది ఉంది, సన్నగా కొత్తపెళ్ళికూతురులా. ముట్టుకుంటే అలుగుతుంది, విప్పనివ్వదు."

ఆమె నవ్వలేదు. "ఇంకోటి పెట్టుకోవడమే అన్నావు. అదెక్కణ్ణించి వస్తుంది? పాతరకాలకి బ్యాటరీలు చేయడం కంపెనీలు మానేశాయిగా?"

"జకార్తా నుంచి తెప్పిస్తా. అచ్చం అసలువాటిలాగే ఉంటాయి."

"లోపల ఏముందో చూశావా?"

"గుడ్డు పగలగొట్టి చూసి కొంటామా ఇబూ? అమ్మేవాడి మొహం చూసి కొంటాం. నా దగ్గరికొచ్చేవాళ్ళు ఇది చూసి కొంటారు." జేబులోంచి పల్చటి స్టిక్కరొకటి తీశాడు. దానిమీద ఎర్ర కోడిపుంజు, కింద తేదీ రాయడానికి ఖాళీ. "నేనమ్మే ప్రతి బ్యాటరీకీ ఇది అంటిస్తా. చిరక్కుండా పట్టుకొస్తే చాలు, ఎప్పుడైనా సరే మార్చిస్తా. మాటంటే మాటే."

ఆమె ఆ స్టిక్కరును వేలికొస మీద పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అలా ఎవరైనా తిరిగి వచ్చారా?"

"ఒక్కరూ తిరిగి రాలేదు ఇబూ! అదే నా గొప్ప."

"కొన్నవాళ్ళు గుర్తుంటారా?"

"విద్యార్థులు కదా! వస్తుంటారు, పోతుంటారు."

ఆమె స్టిక్కరును అతనికి తిరిగిచ్చేసి కలం మూత తీసింది.

"హాజీగారూ, అతికించినవే కొందాం."

హాజీ తెంపే ముక్క పళ్ళెంలో వదిలేశాడు. "అదేంటి ఇబూ! అవి పాడైతే? మళ్ళీ చందాలకి తిరగాలంటే నా చెప్పులు మిగలవు."

"తిరుగుదాం. యంత్రం చస్తే చందా వేసుకుని ఇంకోటి తెచ్చుకోవచ్చు." ఆమె కొనుగోలు కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. "పిల్లలు దాన్ని తలగడ పక్కనే పెట్టుకుని పడుకుంటారు."

ఆ మాట పరిజో చెవినబడలేదు. అతని చూపు డబ్బా మీద ఉంది. రంగు వెలిసినా ఖరీదైన డబ్బాలాగే ఉంది. ఇంతసేపూ తట్టనిది ఇప్పుడు తట్టింది: వద్దనడానికి తనను పిలవడమెందుకు? పదిమందిలో బేరమాడినట్టు చూపించుకోవడానికి!

"కంపెనీవాళ్ళ బిస్కట్లు అంత తియ్యగా ఉన్నాయా ఇబూ?"

"పరిజో! నోరు!" హాజీ గద్దించాడు.

"నా పొట్ట కొడుతుంటే నోరెందుకు మూసుకోవాలి? నిజాయితీపరురాలైతే ఆ మూత తీయమనండి. ఏం ముట్టిందో మనమూ చూద్దాం!"

"తీస్తాను," అంది ఆమె. గొంతులో కోపం లేదు.

ముందు సంతకం చేసింది, సగం రెవెన్యూ స్టాంపు మీద, సగం కాగితం మీద పడేలా. సిరా ఆరేదాకా ఆగింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, డబ్బా మూత తీసింది. పరిజో సగం లేచి నిలబడి తొంగిచూశాడు.

బిస్కట్లు లేవు. దూదిపరుపు మీద, ఉబ్బి పగిలి, ఒకవైపు బొగ్గయిపోయిన బ్యాటరీ ఒకటి ఉంది. ఆమె మడిచిన కాగితాన్ని దాని కిందకి జాగ్రత్తగా జరిపి, డబ్బాను అతనివైపు తిప్పింది.

బ్యాటరీ మీద సగం కాలిన ఎర్ర కోడిపుంజు.