అర్దా రాణి జవాబు

"రాణీ, నువ్విక సన్యాసినుల మఠానికి వెళ్లిపో!"

రాప్తాడు చర్చి నాటకంలో ప్రతాప్ జెరూసలేం మొదటి రాజు బాల్డ్విన్. గెలిచిన రాజ్యం కుదురుకోగానే భార్య అర్దాను వదిలించుకుంటున్నాడు. అర్దా వేషం వేసిన సారా అతని సొంత భార్యే. పార్టీ లీడరైనప్పటి నుంచి ఇంట్లోనూ అతనిది అదే మాట, పుట్టింటికి పొమ్మని.

సారా కదల్లేదు.

"తల వంచుకొని పోమ్మా. నీకు మాటల్లేవు," తెర చాటునుంచి జోయల్ మాస్టరు తొందరపెట్టాడు.

"ఎందుకు లేవు సార్?"

"ఆ రాణి ఏమన్నదో చరిత్రలో ఎవరూ రాయలేదు."

"రాయకపోతే అనలేదనా?" సారా రాజు వైపు తిరిగింది. "రాజ్యం లేనప్పుడు నీతో గుడారాల్లో ఉంటి. రేకుల షెడ్డులో ఉంటి. ఇప్పుడు అడ్డమైనానా? నేను యాడికీ పోను."

రేకుల షెడ్డనగానే, పెళ్లైన కొత్తలో వాళ్లిద్దరూ కాపురమున్న షెడ్డు గుర్తొచ్చి జనం ప్రతాప్ వైపు చూశారు.

"నాటకం చెడగొడతాండావు," ప్రతాప్ పళ్లు కొరికాడు.

ముందు వరుసలోంచి అతని తల్లి లేచింది. "జవాబు చెప్పు నాయనా. కోడలు అడిగింది రాజును కాదు."

ప్రతాప్ తల వంచుకున్నాడు. సారా వెళ్లి సింహాసనం మీద కూర్చుంది.