దుప్పట్ల సిపాయి

“మన టోకెను ఎంత?” అంది తల్లి, నాలుగోసారి.

“యాభై రెండు.”

“ఇప్పుడెంత నడుస్తోంది?”

“నలభై తొమ్మిది. అమ్మా, నువ్వు కింద వరండాలో కూర్చోరాదూ. గాలి వస్తుంది.”

“రెండంతస్తులు ఎక్కాక దిగమంటావా? తిరిగి వెళ్ళేటప్పుడు ఆ మోకాలు మడతపడితే నిన్ను పట్టుకునేదెవరు?”

కొడుకు చేతిలో ఫైలు తెరిచి, మళ్ళీ మూశాడు. సైన్యం రికార్డుల ఆఫీసు కిటికీ దాకా కుంటుకుంటూ వెళ్ళి తిరిగొచ్చాడు. సైన్యం నుంచి వచ్చేసి తొమ్మిదేళ్ళయింది. అతని రికార్డులో రెండు పతకాలు పడలేదు. సరిహద్దు కొండమీద యుద్ధంలో ఉన్నందుకు ఒకటి, అక్కడ గాయపడినందుకు ఒకటి. రికార్డు సరిచేయమని పెట్టుకున్న అర్జీ రెండుసార్లు తిరిగొచ్చింది. ఇవాళ్టిది ఆఖరి విచారణ. ఇవాళ కాదంటే ఇక ఈ జన్మకి కాదు.

తల్లికి మాత్రం పుట్టిన తేదీ తప్పు పడిందని, దిద్దించుకోవాలని చెప్పాడు. ఆమె లెక్కలో కొడుకు యుద్ధమే చూడలేదు. ఆ పద్నాలుగు నెలలూ గోడౌన్‌లో దుప్పట్లు లెక్కపెట్టాడు. మోకాలి మీద పడింది చెక్కపెట్టె. ఉత్తరాల్లో అతను రాసింది అదే మరి. పాలవాడు పది నిమిషాలు ఆలస్యమైతే ఏ లారీ కింద పడ్డాడోనని కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషికి ఇంకేం రాస్తాడు?

గోడౌన్ సంగతి ఆమె వీధంతా చెప్పుకుంది. దాంతో అతనికి దుప్పట్ల సిపాయి అన్న పేరు స్థిరపడిపోయింది. మంగలి దగ్గర్నుంచి ఇస్త్రీ ఆయన దాకా అందరిదీ అదే పిలుపు. వాళ్ళతోపాటు తనూ నవ్వేస్తాడు. నవ్వలేనిది ఒక్కచోటే. కొండమీద అతనితో ఉన్నవాళ్ళు ఏడాదికోసారి పతకాలు పెట్టుకుని కలుస్తారు. ఖాళీ చొక్కాతో వాళ్ళ వరసలో నిలబడలేక అతను వెళ్ళడం మానేశాడు.

ఆ పద్నాలుగు నెలల్లో తల్లి సగానికి సగం చిక్కిపోయిందట. తమ్ముణ్ణి గోడౌన్ ఎలుకలు కరుస్తాయని అమ్మ బెంగపెట్టుకుందని అక్క ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంది. నిజమే, ప్రతి జవాబులోనూ బోను పెట్టుకోమనే రాసేది.

“యాభై రెండు.”

గుమాస్తా కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఫైలు తిరగేశాడు. తల్లి పక్క కుర్చీలో సర్దుకుంది. ఒళ్ళో బిస్కెట్ల రేకుడబ్బా. పొద్దున్నుంచి దాన్ని వదల్లేదు. ఆమె మందులేమో అనుకున్నాడు కొడుకు.

గుమాస్తా చెప్పింది పాత మాటే. పోస్టింగు స్టోర్సులో, కొండమీదికి పంపిన ఆర్డరు ఎక్కడా లేదు. కొడుకు గొంతు బాగా తగ్గించి, ఆర్డరు నోటిమాటగా ఇచ్చారని, ఇచ్చిన ఆఫీసరు అక్కడే పోయాడని, ఆస్పత్రి గుడారం పుస్తకాలు తగలబడిపోయాయని చెప్పుకొచ్చాడు. మధ్యలో ఓరకంట తల్లిని చూశాడు. ఆమె తలెత్తి ఫ్యాను ఊగడం చూస్తోంది, ఎక్కడ ఊడి మీద పడుతుందోనని.

“అప్పుడు మీరు అక్కడున్నట్టు ఒక్క కాగితం చూపించండి, ఏదైనా సరే” అన్నాడు గుమాస్తా.

“ఏమీ లేవండీ.”

“అయితే మూసెయ్యాల్సిందే.”

గుమాస్తా కలం మూత తీశాడు. తల్లి డబ్బా మూత తీసింది.

“పాత కాగితాలు అడుగుతారేమోనని తెచ్చాను బాబూ. వీడు అప్పట్లో రాసిన ఉత్తరాలు. నలభై ఒకటి.”

“అవెందుకమ్మా, ఇలా ఇచ్చెయ్” అంటూ కొడుకు చెయ్యి చాచాడు. అప్పటికే పైనున్న ఉత్తరం గుమాస్తా చేతిలో ఉంది.

“‘అమ్మా, ఇక్కడ ఎలుకలు తప్ప వేరే శత్రువులు లేరు. దుప్పట్లు లెక్కపెట్టి వేళ్ళు అరిగిపోతున్నాయి.’ ఇది మీ చేతిరాతేనా?”

“నాదే.”

“గోడౌన్‌లో ఉన్నానని మీరే రాసుకున్నారు. ఇక నేను చేసేదేముంది?”

కొడుకు లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. అవునంటే పతకాలు పోతాయి. కాదందామంటే పక్కనే తల్లి. అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

“అది అబద్ధమండీ” అన్నాడు చివరికి, బల్ల వైపు చూస్తూ. “నలభై ఒకటీ అబద్ధాలే. గోడౌన్‌లో నేనున్నది నాలుగు రోజులు. మిగతాదంతా కొండమీదే. మోకాలు పగిలింది పెట్టె పడి కాదు, బాంబు ముక్క తగిలి. అమ్మ తట్టుకోలేదని అలా రాశాను.”

తల్లి డబ్బా అంచుని వేలితో రుద్దుతూ కూర్చుంది.

“అబద్ధమనడానికి మాత్రం రుజువేదీ?” అంటూ గుమాస్తా ఉత్తరాన్ని కవరులోకి తోయబోయి ఆగాడు. కళ్ళద్దాలు కిందికి దించాడు. కవరు మీది గుండ్రటి ముద్రని వెలుతురుకి పెట్టి చూశాడు. ఇంకో కవరు తీశాడు. ఇంకోటి. బీరువాలోంచి లావుపాటి పుస్తకం తెచ్చి, వేలు జరుపుకుంటూ పోయాడు.

“ఈ ముద్రలో ఊరి పేరుండదు, అంకె ఒక్కటే. సైన్యం పోస్టాఫీసు నంబరు. చూసినవాళ్ళకి ఏమీ తెలియదు, పోస్టువాళ్ళకే తెలుస్తుంది. ఇది కొండమీది శిబిరానిది. చివరి మూడూ ఆస్పత్రి గుడారానివి. తేదీలన్నీ సరిపోయాయి.” అతను మొదటిసారి నవ్వాడు. “ఎవరైనా ఉత్తరాలు దాచి కవర్లు పారేస్తారు. మీ అమ్మగారు కవర్లు కూడా దాచబట్టి మీరు గట్టెక్కారు.”

రెండు పతకాలూ రికార్డులో చేర్చమని రాసి, సంతకం పెట్టాడు.

మెట్లు దిగుతూ కొడుకు సగంలో ఆగిపోయాడు. తల్లి అతని మోచెయ్యి గట్టిగా పట్టుకునే ఉంది.

“ఇన్నేళ్ళూ నిన్ను మోసం చేశానమ్మా. పాపం, ఎలుకలని నమ్మి చిక్కిపోయావు.”

“మెట్టు చూసుకో, జారుతుంది.”

“కోపం వచ్చిందా? అవునుగానీ, ఆ కవర్లెందుకు దాచావు?”

ఆమె డబ్బాని చంకలోకి సర్దుకుంది.

“మొదటి కవరు మీది అంకె ఎక్కడిదో ఆ రోజే పోస్టుమాస్టర్ని అడిగొచ్చాను నాయనా.”