తీసేసిన లాక్

"లాక్ ఎవరు తీశారు సార్?"

"నేనే తీశాను. అదుంటే లిఫ్టు నత్తనడక నడుస్తోంది. ఇప్పుడు చూడు, గుర్రంలా పరిగెడుతోంది!" అన్నాడు మేనేజరు.

ఇంజనీరమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. ఆసుపత్రి లిఫ్టులని నడిపించే ప్రోగ్రాంకి గుండెకాయలాంటి కెర్నెల్ కోడ్ రాసింది తనే. లిఫ్టు ఎన్నో అంతస్తులో ఉందన్న అంకెని రెండు ప్రాసెసర్లు మెమరీలో ఒకే చోట రాస్తుంటాయి. ఒకటి రాయడం పూర్తయ్యేదాకా రెండోదాన్ని ఆపి ఉంచేదే ఆ లాక్.

"రెండూ ఒక్కసారే రాస్తే అంకె తారుమారైపోతుంది సార్. లిఫ్టు ఒక చోట ఉంటే తలుపు ఇంకో చోట తెరుచుకుంటుంది. స్ట్రెచర్ తోసుకుంటూ వచ్చేవాళ్ళు ఏమైపోవాలి?"

"ఆఁ, కోటికొక్కసారి జరుగుతుందేమో! డాక్టరమ్మ ముందు నోరు విప్పావంటే నీ ఉద్యోగం ఊడినట్టే."

అంతలో ఆసుపత్రి యజమానురాలు డాక్టరమ్మ రానే వచ్చింది. బల్ల మీది నమూనా లిఫ్టుని పైకీ కిందికీ నడిపించి చూసి మురిసిపోయింది.

"భలే ఉందండీ! రేపే మా లిఫ్టులన్నిట్లో పెట్టేయండి."

మేనేజరు మొహం చాటంత అయింది. అమ్మాయి మాత్రం ఇరకాటంలో పడింది. నోరు విప్పితే ఇల్లు గడవదు. విప్పకపోతే ఎవరి ప్రాణం మీదికి వస్తుందో! డాక్టరమ్మని మేనేజరు సాగనంపుతుంటే, ఏంచేయాలో పాలుపోక వాళ్ళ వెనకే నడిచింది.

వాళ్ళ ఆఫీసుండేది ఎనిమిదో అంతస్తులో. లిఫ్టు వచ్చి ఆగింది. మేనేజరు ఒక కాలు లోపల పెట్టాడు.

"అన్నట్టు సార్, మీరు మార్చిన ప్రోగ్రామే పొద్దున మనవాళ్ళు ఈ లిఫ్టులోనూ పెట్టేశారు" అంది అమ్మాయి.

నిప్పు తొక్కినట్టు కాలు వెనక్కి లాగేసుకున్నాడు పెద్దమనిషి.

"మీరిద్దరూ లిఫ్టులో కిందికి వెళ్ళండి. నేను... మెట్ల మీద వస్తాను. డాక్టరు రోజూ నడవమన్నాడు."

"ఏ డాక్టరండీ?" అంది డాక్టరమ్మ.

మేనేజరు చెమట తుడుచుకుంటూ మెట్లవైపు గబగబా వెళ్ళిపోయాడు. డాక్టరమ్మ అమ్మాయివైపు తిరిగింది.

"ఇదా సంగతి! మమ్మల్ని ఎక్కించి తను మెట్లు దిగుతాడా? మా ఆసుపత్రికి ఆ ప్రోగ్రాం వద్దే వద్దు. అసలు విషయమేంటో నువ్వు చెప్పు తల్లీ. పద, మనం కూడా మెట్ల మీదే పోదాం."

అమ్మాయి అప్పటికే లిఫ్టు ఎక్కేసింది.

"రండి డాక్టరుగారూ, భయం లేదు. ఆ ప్రోగ్రాం దీంట్లో ఎవరూ పెట్టలేదు."