అమ్మలో ఒత్తు

పదేళ్ళుగా బీరువాలో దాచిన పైలట్‌ని ఆ మధ్యాహ్నం స్టూడియోలో అందరి ముందూ వెయ్యక తప్పలేదు.

పైలట్ అంటే ఛానల్ వాళ్ళను మెప్పించడానికి తీసిన మొట్టమొదటి భాగం. ఇప్పుడా ఉడుత పిల్ల సీరియల్ ఐదువందల భాగాలు పూర్తి చేసుకుంది. అప్పటిది చూపించమని కొత్త ఆర్టిస్టులు డైరెక్టరమ్మను పది రోజులుగా పీక్కుతింటున్నారు. ఛానల్లో పనిచేసి రిటైరైన పెద్దాయన అతిథిగా వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు.

రెండో నిమిషానికే నవ్వులు మొదలయ్యాయి.

ఉడుత పిల్లకు ఒక షాట్‌లో నాలుగు వేళ్ళు, ఇంకో షాట్‌లో ఐదు. చెట్టెక్కేటప్పుడున్న తోక దిగేటప్పటికి లేదు. కాకి మాట్లాడితే ముక్కు కదలదు, ఊరుకుంటే కదులుతుంది. డైరెక్టరమ్మ చేతుల్లో మొహం దాచుకుంది. ఆ బొమ్మలన్నీ గీసిన ఘనుడు, ఆమె తమ్ముడు, పక్క కుర్చీలో వీలైనంత కిందికి జారిపోయాడు.

చివర్లో దారి తప్పిన ఉడుత పిల్ల కొమ్మ మీద నిలబడి "అమ్మా" అని పిలిచింది.

గదిలో ఎవరూ నవ్వలేదు.

దీపాలు వెలిగాక ఒకమ్మాయి అడిగింది. "మేడమ్, మిగతాదంతా అలా ఉంటే ఆ ఒక్క పిలుపు అంత బాగా ఎలా కుదిరింది?"

"అది మా గొప్ప కాదు" అంది డైరెక్టరమ్మ. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది చెప్పడం మొదలుపెట్టింది.

అప్పట్లో ఛానల్లో ప్రసారానికి ఖాళీగా ఉన్నది ఒక్క స్లాటు. పోటీకి వచ్చినవి రెండు పైలట్లు. మధ్యాహ్నం మూడు గంటలకు ఛానల్ వాళ్ళు వీళ్ళది చూస్తారు, తర్వాత రెండోది. ఇది పోతే అక్కాతమ్ముళ్ళు స్టూడియోకి తాళం వేసి ఎవరి దారి వాళ్ళు చూసుకోవాల్సిందే. ఛానల్ ఆఫీసు వరండాలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఆఖరిసారి చూసుకుంటుంటే పక్క కుర్చీలోంచి ఎవరో తొంగి చూశారు. కళ్ళజోడుకు దారం కట్టుకున్న యాభై ఏళ్ళ మనిషి. ఒళ్ళో ఫైలుంది.

"అమ్మ అనేటప్పుడు పెదాలు కలవడం లేదమ్మా" అన్నాడాయన.

అసలే ఆమె కంగారులో ఉంది. మీ పని మీరు చూసుకోండి సార్ అని కసిరింది.

ఆయన ఏమీ అనుకోలేదు. "పెదాలు కలపకుండా ఒక్కసారి అమ్మ అని చూడండి."

తమ్ముడు చూశాడు. నోరు బార్లా తెరిచి అ, ఆ అని తంటాలు పడుతుంటే, అటుగా వెళ్ళే అటెండరు ఆగి జాలిగా చూసి పోయాడు. అప్పుడు వెలిగింది ఇద్దరికీ. పని తొందరగా తెమలాలని ఉడుత పిల్లకు మూడే నోళ్ళు గీశారు. తెరిచినదొకటి, సగం తెరిచినదొకటి, నవ్వేదొకటి. మూసిన నోరు మాట్లాడదు కదా, అది దండగ అనుకున్నారు.

మూడింటికి ఇంకా పది నిమిషాలే ఉన్నాయి. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

ఆయన ఫైల్లోంచి ఒక కాగితం తీసి, వెనక వైపు మూసిన నోరు గీసి తమ్ముడికిచ్చాడు. "ఇది పెడితే చాలదు బాబూ. అమ్మలో మకి ఒత్తుంది. ఆ ఒత్తు పలికినంతసేపూ పెదాలు విడిపోకూడదు. రెండు ఫ్రేములు ఎక్కువ ఆపు."

తమ్ముడు తలెత్తకుండా పనిలో పడ్డాడు. ఆమె గడియారం చూస్తూ, ఆ రెండోది ఎవరిదో గానీ చెత్తగా ఉంటే బాగుణ్ణని పైకే అనేసింది. ఆయన చిన్నగా నవ్వి, లేచి లోపలికి వెళ్ళాడు.

కాసేపటికి అటెండరు వచ్చాడు. ముందు రెండోది చూస్తారట, మీరు అరగంట ఆగాలట అన్నాడు. ఆయనెవరో ఛానల్లో పెద్ద ఆఫీసరు, లోపల ఒక మాట చెప్పి పుణ్యం కట్టుకున్నాడని అక్కాతమ్ముళ్ళు అనుకున్నారు.

అరగంటలో పనైంది. చూసేవాళ్ళు వేళ్ళనీ తోకనీ చూసి మొహాలు చిట్లించారు. "అమ్మా" దగ్గర ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. స్లాటు వీళ్ళకే వచ్చింది. సంబరంగా బయటికి పరుగెత్తుకొస్తే వరండాలో ఎవరూ లేరు. తర్వాత ఎన్నిసార్లు వాకబు చేసినా అలాంటి ఆఫీసరు మా దగ్గర లేడన్నారు.

"నేను ఆయన్ని కసిరిన సంగతి ఇవాళే బయటపెట్టాను. ప్రాణం తేలికపడింది" అంది డైరెక్టరమ్మ. నిజంగానే ఆమె మొహం తేటపడింది. తమ్ముడు కూడా కుర్చీలో పైకి జరిగి, తోక మాయమైన షాట్ మళ్ళీ వెయ్యమన్నాడు. అందరూ నవ్వుతూ చప్పట్లు కొట్టారు.

ముందు వరుసలోని పెద్దాయన మాత్రం కొట్టలేదు. ఆ రోజు చూసిన ఏడుగురిలో తనూ ఒకణ్ణని, వీళ్ళకు నాలుగు ఓట్లు, రెండోదానికి మూడు పడ్డాయని నెమ్మదిగా చెప్పారు.

"అయితే ఆయన మీకు తెలిసే ఉంటారు" అంది ఆమె ఆత్రంగా. "ఎక్కడున్నారు సార్? ఇప్పుడే వెళ్ళి కలుస్తాను."

"పోయి రెండేళ్ళయిందమ్మా. సుఖంగానే పోయారు. మీ ఉడుత పిల్లని మనవరాలితో కలిసి ఒక్క రోజూ వదలకుండా చూసేవారు."

ఛానల్లో ఆయన ఏ ఆఫీసరని తమ్ముడు అడిగాడు.

పెద్దాయన తల అడ్డంగా ఊపారు.

"ఆఫీసరు కాదు బాబూ, ఆ రెండో పైలట్ తీసింది ఆయనే."