కింది ఓవెన్ గడియ

మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే డెర్వ్లా కంచం పక్కకు తోసేసింది. బాతు పైన బొగ్గు, లోపల పచ్చి నెత్తురు. బంగాళదుంపలు బంకబంకగా ఉన్నాయి. చిట్టి క్యాబేజీలు ఎప్పటి నుంచి ఉడుకుతున్నాయో ఏమో, బూడిద రంగుకు తిరిగి, విప్పిన మేజోళ్ల కంపు కొడుతున్నాయి. గ్రేవీ సంగతి ఎత్తకపోవడమే మంచిది. ఛీ!

"ఎలా ఉంది?" అన్నాడు మొగుడు కోల్మ్, ఆమె ఏప్రన్ కట్టుకుని నిలబడి.

జనవరి ఆరు. ఆడవాళ్ల క్రిస్మస్. ఐర్లండ్‌లో, కార్క్ వైపు, ఈ ఒక్క రోజు పొయ్యి మగవాడిది. పండగ భోజనం అతను వండి వడ్డించాలి, ఆడవాళ్లు కూర్చుని తిని, సాయంత్రం పబ్బుకు పోవాలి. డెర్వ్లా ఏడాదంతా ఈ రోజు కోసమే కాచుకుని ఉంది.

"ఇది మనుషులు తినేదేనా?"

"వంట నా వల్ల కాదని ముందే మొత్తుకున్నానా? వచ్చే ఏడాది నుంచి ఇది కూడా నువ్వే వండేసుకో. ఏ గొడవా ఉండదు."

డెర్వ్లా ఒక ముక్క కుక్కకు విసిరింది. అది వాసన చూసి మొహం తిప్పేసుకుంది. పోయి ఇనప పొయ్యి ముందు కూర్చుని, కింది ఓవెన్ తలుపు గీకడం మొదలుపెట్టింది.

"దాన్ని అటు పోనివ్వకండి! గడియ పాడైంది, తలుపు ఊడి మీద పడుతుంది" అని కసిరాడు కోల్మ్.

"ఇలా తగలెయ్ ఆ ఏప్రన్. నేనే ఏదో ఒకటి వండి చస్తాను" అంటూ డెర్వ్లా లేవబోయింది. పక్కనే ఉన్న అత్తగారు హానోరా ఆమె చెయ్యి పట్టి లాగింది.

"కూర్చో అమ్మాయ్" అంది చెవిలో. "మీ మావయ్యా నాకు ఇలాంటి బాతే పెట్టాడు. నేను లేచాను. నలభై ఏళ్లయింది, ఇంకా కూర్చోలేదు."

డెర్వ్లా కూర్చుంది. ఊపిరి బిగబట్టి ఇంకో ముక్క మింగింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అబ్బ, తినగా తినగా రుచి తెలుస్తోంది అత్తయ్యా!"

"అమృతమే!" అంది హానోరా, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

"ఈస్టర్‌కి మా పుట్టింటి వాళ్లు పద్నాలుగు మంది వస్తున్నారు కోల్మ్. వాళ్లకీ నువ్వే వండాలి. ముందు నువ్వూ కూర్చుని తిను."

"నాకు... ఆకలిగా లేదు."

"పండగ పూట పస్తేమిట్రా?" అని తల్లి కంచం నిండా వడ్డించింది, గ్రేవీతో సహా.

ఒక్క ముద్ద. అంతే, కోల్మ్ సింకు దగ్గరికి పరుగెత్తి భళ్లున కక్కేశాడు. నోరు కడుక్కుని, "చాలు తల్లీ, ఓడిపోయాను" అంటూ కింది ఓవెన్ గడియ ఒక్క వేలితో తీశాడు. తలుపు ఊడలేదు. లోపల ఇంకో బాతు, ఎర్రగా, దోరగా వేగి ఉంది. చుట్టూ కరకరలాడే దుంపలు.

"మీరు పబ్బుకెళ్లాక నేనూ నా స్నేహితులూ తిందామని..."

తిట్టడానికి డెర్వ్లా నోరు తెరిచింది. ఆమెకన్నా ముందే హానోరా లేచింది. ఆమె చూపు ఆ గడియ మీదే ఉంది.

"ఒరేయ్, ఈ గడియ పాడైందని మీ నాన్న కూడా నాకు బాతు పెట్టిన ఆ ఒక్క రోజే అన్నాడురా!"