రాకూడని కారు

"సార్, మీరు ఎదురుచూస్తున్న చిన్న ఎస్‌యూవీ మన దేశంలోకి వచ్చేసింది! పదింటికి మీ గుమ్మం ముందు పెడతాం, మీరే నడిపి చూడండి," అంది షోరూం అమ్మాయి ఫోనులో.

సంగీతం మాస్టారి ముఖం పాలిపోయింది.

మూడేళ్ళుగా ఎవరు కారు మాటెత్తినా ఆయనది ఒకటే జవాబు: "అది రానీ, కొంటే అదే కొంటా." ఆయన భార్యదీ ఒకటే దెప్పు: "మహారాజుగారి రథం ఏ సముద్రంలో ఈదుతోందో!" వానలో తడిసి బస్సు దిగిన రోజు ఆ దెప్పు రెండింతలయ్యేది.

"వెనక సీటు ఇరుకటగా..." అని మాస్టారు నసిగారు.

"నిన్నటిదాకా అందులో పెళ్ళివారంతా పడతారన్నారు!" అంటూ భార్య ఫోను లాక్కుంది. "చూడమ్మా, ఆ కారు నాకే నచ్చలేదు. ఇక ఫోన్ చెయ్యకు," అని పెట్టేసింది.

మాస్టారు తెల్లబోయారు. "నీకెందుకు నచ్చలేదు?"

"మూడేళ్ళ క్రితం కళ్ళ డాక్టరు మిమ్మల్ని ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దన్నప్పుడు తలుపవతల నేనూ ఉన్నానండీ. మీరు దాచారని నేనూ దాచాను. దెప్పడం మానేస్తే నాకు తెలిసిపోయిందని కనిపెట్టేస్తారుగా!"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకోసాగారు.

"ఈసారి కాస్త చూసి మనసుపడండి," అంది ఆవిడ. "ఇక్కడికి ఎప్పటికీ రాని కారు మీద."