కొయ్యని కాండం

ఒకే నర్సరీలో, ఒకే వరసలో పెరిగిన రెండు నల్ల పైన్ మొక్కలు. ఇంటి ముందు కంచె వెంట నాటుకునే మామూలు రకం. మనిషి ఎత్తున, నిటారుగా, గుబురుగా ఉన్నాయి. కురషిగే గురువుగారు స్వయంగా వెళ్ళి కొనుక్కొచ్చారు.

"సాయంత్రానికల్లా వీటిని బోన్సాయ్ చెయ్యాలి. ఎవరి చెట్టు నాకు నచ్చితే ఈ తోట వాళ్ళది," అన్నారు.

ఆయనకు డెబ్బై ఆరేళ్ళొచ్చాయి. కత్తెర పడితే చెయ్యి వణుకుతోంది. కినాషి ఊళ్ళో ఆయన తోట తెలియనివాళ్ళు లేరు. మూడు తరాలు కంటికి రెప్పలా చూసుకున్న చెట్లున్నాయి అందులో. వాటిని ఎవరి చేతిలో పెడతారా అని ఊరంతా రెండేళ్ళుగా గుసగుసలాడుకుంటోంది.

మొదటి చెట్టు ముందు ఇసావో కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ తోటలో గొడ్డుచాకిరీ చేస్తున్నాడు. మొదటి మూడేళ్ళు నీళ్ళు పోయడం తప్ప ఇంకేమీ ముట్టుకోనివ్వలేదు గురువుగారు. కత్తెర చేతికిచ్చాక కూడా మెచ్చుకోలు లేదు, తప్పు చేస్తే వేళ్ళమీద వెదురు పుల్లతో ఒక్కటి. పడక పనిముట్ల కొట్టు మీది గదిలో. భోజనం గురువుగారు తిని లేచాక. ఇసావో ఏనాడూ కిమ్మనలేదు. ఆయన గీసిన గీత దాటలేదు.

రెండో చెట్టు ముందు షుంగో. తోటకొచ్చి ఆరేళ్ళే. అంతకుముందు కోబేలో ఫ్రిజ్‌లు అమ్మేవాడు. గురువుగారి ఒక్కగానొక్క కూతురు చినామిని చేసుకుని, ఇంటిపేరు కూడా మార్చుకుని ఇల్లరికం వచ్చాడు. కాపురం పెద్దింట్లో. గురువుగారి పక్కనే కూర్చుని తింటాడు.

చూడ్డానికి బోన్సాయ్ సంఘం వాళ్ళు ఇరవైమంది దాకా వచ్చారు. ఒసాకా నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, "ఇంతోటి దానికి పోటీ ఎందుకండీ? ఇంట్లో అల్లుణ్ణి పెట్టుకుని పనివాడికి ఇస్తారా ఎవరైనా?" అన్నాడు పక్కాయనతో. పక్కాయన ఈ ఊరివాడు. టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఆ మాట ఇసావో చెవిన పడింది, కానీ పట్టించుకోలేదు. దానికో కారణం ఉంది. ఆ ఉదయం అతను నీళ్ళు పోస్తుంటే గురువుగారు తనంతట తానే వచ్చి పలకరించారు. "మరీ కోసెయ్యకు. పై భాగం అలాగే ఉంచు. రాగి తీగ చుట్టి వంచితే చాలు," అని మెల్లగా చెప్పి వెళ్ళారు. గెలుపు నిర్ణయించే మనిషే వచ్చి దారి చెప్పాడంటే ఇంకేం కావాలి? తోట తనదే అనుకున్నాడు పిచ్చివాడు.

తీరా చెట్టు ముందు కూర్చున్నాక చెయ్యి ఆగింది. ఎటునుంచి చూసినా పై భాగం ఎందుకూ పనికిరాదు. అందమంతా మొదట్లోనే ఉంది. వేళ్ళ దగ్గర చక్కటి వంపు, దాని మీద పక్కకు పోయిన ఒక సన్నకొమ్మ. కాండాన్ని అక్కడికి కోసేసి ఆ కొమ్మనే తలగా నిలబెడితే వందేళ్ళ చెట్టులా కనిపిస్తుంది. ఇసావో రంపం తీశాడు. గురువుగారి వైపు చూశాడు. ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నారు. రంపం కింద పెట్టేసి తీగ చుట్టడం మొదలుపెట్టాడు.

పక్కన కరకరమని చప్పుడైంది. షుంగో కాండాన్ని మూరెడు ఎత్తున కోసేస్తున్నాడు. పై భాగమంతా దబ్బున కింద పడితే ముందు వరసలోవాళ్ళు వెనక్కి జరిగారు. చెట్టును చంపేశాడన్నారు ఒకరిద్దరు. మిగిలింది ఒక మొద్దు, ఒక కొమ్మ. మొద్దు చివర బెరడు ఒలిచి, పిడుగు పడి ఎండినట్టు చెక్కాడు. కొమ్మకు తీగ చుట్టి పైకి లేపాడు.

మధ్యలో ఇటు వంగి, "అదెందుకు ఉంచావన్నా? తీసెయ్యమని నాకు నేర్పిందే నువ్వు కదా," అన్నాడు గొంతు తగ్గించి.

ఇసావో తీగ చుడుతూనే ఉన్నాడు. గురువుగారి మాట తన దగ్గర ఉంది మరి.

నాలుగింటికి గురువుగారు లేచారు. రెండు చెట్ల చుట్టూ ఒక్కసారి తిరిగారు. షుంగో చెట్టు మీద చెయ్యి వేసి, తోట ఇతనిది అన్నారు. అంతే. అందరూ చప్పట్లు కొట్టి, వేడి వేడి ఉదోన్ నూడుల్స్ తినడానికి లోపలికి వెళ్ళారు.

ఇసావో గురువుగారికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "కొయ్యొద్దని మీరే కదా చెప్పారు?" అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన్ని అతను నిలదీయడం అదే మొదలు.

"షుంగోకీ అదే చెప్పాను," అన్నారు గురువుగారు. "వాడు నా మాట వినలేదు, చెట్టును చూసి చేశాడు. నువ్వు చెట్టును చూసి కూడా నా మాటే విన్నావు. చెప్పింది చేసేవాడు పనివాడు, ఇసావో. పనివాడికి తోట ఎలా ఇస్తాను?"

"చెప్పినట్టు చెయ్యకపోతే కొట్టిందీ మీరేగా."

ఆయన చెట్ల వైపు తిరిగి నడిచారు.

దీన్ని మోసం అనక ఇంకేమంటారు? ఇరవై రెండేళ్ళు మనిషికి తీగ చుట్టి వంచి, చివరికి ఎందుకు వంగావని అడగడం. ఇసావోకు ఏడుపు కూడా రాలేదు. కొట్టు మీది తన గదికి వెళ్ళి రెండు జతల బట్టలు, తన కత్తెరలు సంచీలో వేసుకున్నాడు. చినామి మెట్ల దగ్గర అడ్డం నిలబడితే పక్కకు తప్పుకుని దిగాడు.

గేటు దగ్గర ఆగి వెనక్కి చూశాడు. గురువుగారు చెట్ల మధ్య ఒక్కరే నిలబడి ఉన్నారు.

ఒక్కసారి "నాన్నా" అని పిలుద్దామనుకున్నాడు గానీ, పనిలో చేరిన రోజు నుంచీ కన్నతండ్రిని గురువుగారనే పిలిచిన ఆ నోటికి ఆ మాట రాలేదు.